గిర్నికి క్రొత్త బెల్టు

యంత్రమును చూడబోయినవారు మొదట ఇంజనును చూతురు. పిమ్మట అది యిచ్చు ఫలమును చూతురు. ఎన్ని గుఱ్ఱముల బలమని యడుగుదురు. గంటకు ఎన్ని కిలోల పిండి పడునని యడుగుదురు. ఆ రెంటి నడుమ నుండి, బలమును ఈ చివరనుండి ఆ చివరకు చేర్చు వస్తువును గూర్చి యడుగువారు తక్కువ. అది తెగి పని నిలిచినప్పుడుగాని మనకు జ్ఞప్తికి రాదు. నేడు నేను ముచ్చటింపదలచినది ఆ నడిమి వస్తువును గూర్చియే. దానిని కొందఱు పట్టా యందురు, కొందఱు బెల్టందురు. కొన్ని యంత్రములలో దాని స్థానమున గొలుసుండును.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11వ తేదీన, పాత వరంగల్లు జిల్లాను విభజించినపుడు ఏర్పడినవి. ఈ మూడింట బెల్టు కనబడని ఊరు అరుదు. భూపాలపల్లి సింగరేణి గనులలో బొగ్గును మోయునది బెల్టు. చెల్పూరున గల 1,100 మెగావాట్ల కాకతీయ విద్యుత్కేంద్రములో బొగ్గు బాయిలరు వఱకు ఎగబ్రాకునదియు బెల్టుమీదనే. జనగామ వరి మళ్లలో దిగు కోతమిషనులో చిన్నవి, పెద్దవి పలు బెల్టులు తిరుగుచుండును. మహబూబాబాదు ప్రాంతమున మిరప విరివిగా పండును. ఆ కాయను కారముగాను, పసుపుకొమ్మును పొడిగాను, జొన్నను పిండిగాను మార్చు గిర్ని లేని పెద్ద పల్లె కనబడదు. గనిలోని బెల్టు సరకును మోయును. గిర్నిలోని బెల్టు బలమును మోయును. నేటి ప్రసంగము ఈ రెండవదానిని గూర్చి.

గిర్ని నడుపువారు నన్ను తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "పాత పట్టా మాటిమాటికి జారుచున్నది. బజారులో క్రొత్త రకపు బెల్టులు, వానికి తగిన పుల్లీలు విడిగా దొరకుచున్నవి. అవి బిగించినచో మా గిర్ని బాగుపడునా?" అని. దీనికి అవుననిగాని, కాదనిగాని ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. యంత్రము చేసినవారు బిగించిన భాగమును తీసి, వేఱొకరు చేసిన భాగమును బిగింపదలచినపుడు, "ఈ భాగము మంచిదా?" యనునది రెండవ ప్రశ్న. "ఈ యంత్రమునకు లోపించినదేమి?" యనునది మొదటి ప్రశ్న. ఆ మొదటి ప్రశ్నకు సమాధానము దొరకవలెనన్నచో, పట్టా యెట్లు పనిచేయునో కొంచెము తెలియవలెను.

పాతకాలపు మిల్లులో నూనె ఇంజను ఒక మూల నుండెడిది. దానివలన తిరుగు పొడవైన ఇరుసు ఒకటి మిల్లు పొడవునను ప్రాకెడిది. ఆ ఇరుసు మీది పుల్లీలనుండి వడ్ల మిషనుకు ఒకటి, పిండిరాతికి ఒకటి, కారపు మిషనుకు ఒకటిగా వెడల్పాటి పట్టాలు దిగెడివి. తోలుతోను, మందపు నూలుగుడ్డతోను, రబ్బరు పట్టించిన గుడ్డతోను వానిని చేసెడివారు. ఆ పుల్లీని వ్రేలితో తడిమి చూచినచో అంచులకంటె నడుమ కొంచెము ఉబ్బుగా నుండుట తెలియును. పట్టా ప్రక్కకు జాఱి పడిపోక నడిమికే వచ్చుచుండుటకు ఆ ఉబ్బే కారణము.

పట్టాకుగల శక్తి యంతయు రాపిడివలన వచ్చినది. ఎంత బిగువుగా నున్నదో, పుల్లీని ఎంతమేర చుట్టుకొన్నదో దానినిబట్టి పట్టు ఏర్పడును. చుట్టుకొన్న మేర పెరిగినకొలది పట్టు ఎన్ని రెట్లు పెరుగునో పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలరను గణితవేత్త లెక్కకట్టెను. బెదరిన కోడె పలుపును గుంజకు రెండు చుట్లు త్రిప్పి, ఒంటిచేతితో నిలుపు రైతుకు ఆ గణితము చేతిలోనే తెలిసియున్నది. చుట్టు తగ్గకుండుటకై పట్టా పుల్లీలను దూరదూరముగా నుంచవలెను. అందుచేత స్థలము ఎక్కువ కావలెను. జారకుండుటకై పట్టాను గట్టిగా బిగింపవలెను. ఆ బిగువు రాత్రింబగళ్లు బేరింగులను లాగుచు వానిని అరుగదీయును. చదును పట్టాకు గల చిక్కు లివి రెండు.

వి-బెల్టు ఈ చిక్కులను వేఱువిధముగా విప్పినది. 1917లో అమెరికాలోని డెన్వరు నగరమున జాన్ గేట్స్ దీనిని రబ్బరుతో చేసి వాడుకలోనికి తెచ్చెను. దీనిని అడ్డముగా కోసి చూచినచో పైన వెడల్పుగాను, క్రింద సన్నముగాను ఉండును. పుల్లీకి అట్టి ఆకారమే గల గాడి యుండును. మొద్దును చీల్చుటకు దిగగొట్టిన ఇనుపచీల రెండు ప్రక్కలను ఎట్లు ఒత్తునో, బెల్టు గాడిలో దిగి రెండు గోడలను అట్లే ఒత్తును. గాడి గోడల నడుమ కోణము 38 డిగ్రీలైనచో, అదే బిగువునకు చదును పట్టాకంటె సుమారు మూడింతల పట్టు దొరకును. కావున బిగువు తగ్గింపవచ్చును, బేరింగులు నిలుచును, పుల్లీలను దగ్గఱకు చేర్చి స్థలము కలిసివచ్చునట్లు చేయవచ్చును. ఒక్క నియమము మాత్రము మఱవరాదు. బెల్టు ప్రక్కలతో పనిచేయవలెనేగాని అడుగుతో గాదు. గాడి అరిగి బెల్టు అడుగున కూర్చున్నచో, అది వి-బెల్టు వెల పెట్టి కొన్న చదును పట్టాయే యగును. ఇట్టి అరిగిన పుల్లీలలో ఏటికొక క్రొత్త బెల్టు వేయుచు బెల్టుల నాణ్యమును నిందించువారిని నేను పలువురను చూచితిని.

ఇక లెక్కకు వత్తము. మోటారు నిమిషమునకు 1440 చుట్లు తిరుగుననుకొందము. పిండిరాయి 480 చుట్లు తిరుగవలెననుకొందము. వేగము మూడవవంతుకు తగ్గవలెను గనుక, రాతి పుల్లీ మోటారు పుల్లీకి మూడింతలుండవలెను: ఇది 6 అంగుళములైనచో అది 18 అంగుళములు. బెల్టు నూటికి నాలుగు వంతులు జారినచో రాయి 460 చుట్లే తిరుగును. పిండి కొంచెము ఆలస్యముగా పడును; అంతియేగదా యని తోచును. కాని జారుటలో పోయిన బలమునకు కరెంటు వెల మనము చెల్లించియే యున్నాము. పది గుఱ్ఱముల బలముగల మోటారు సుమారు ఏడున్నర కిలోవాట్లు. దినమునకు ఆరు గంటల చొప్పున ఏటికి 300 దినములు పూర్తి బలముతో నడచినచో, నూటికి ఒక వంతు నష్టము ఏటికి 135 యూనిట్లగును. చక్కగా అమర్చిన వి-బెల్టు మోటారు బలములో నూటికి 95 వంతుల వఱకు చేర్చగలదు. వదులై, వంకరగా నడచునది 90 కూడ చేర్చకపోవచ్చును. ఆ ఐదు వంతుల తేడా 675 యూనిట్లు. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీనుండి సేద్యపు బావులకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది. గిర్నికి మాత్రము మీటరు తిరుగుచునే యున్నది.

అట్లయిన జారనే జారని సాధనమును పెట్టరాదా యని కొందఱడుగుదురు. అట్టివి రెండు గలవు. మొదటిది గొలుసు. మాంచెస్టరున హాన్స్ రెనాల్డ్ 1880లో చేసిన గొలుసే నేడు సైకిలు మొదలు కోతమిషను వఱకు కనబడుచున్నది. అది జారదు, శుభ్రముగా నూనె పట్టించి యుంచినచో నూటికి 97, 98 వంతుల బలమును చేర్చును. కాని గొలుసునకు నూనె కావలెను; నూనెకు దుమ్ము అంటును; నూనెయు దుమ్మును కలిసి ఆకురాయివలె కీలులను అరుగదీయును. గొలుసు సాగును, నూటికి మూడు వంతులు సాగినపిమ్మట అది పండ్లచక్రమును కూడ పాడుచేయును. పిండియు, కారమును గాలిలో తేలుచుండు గిర్నిలో తెరచియుంచిన గొలుసునకు ఆయుస్సు లేదు.

రెండవది పండ్ల బెల్టు. రబ్బరుతోగాని, అంతకంటె గట్టి పదార్థముతోగాని చేసిన బెల్టునకు లోపలివైపు పండ్లు దీర్చి, పండ్లు గల పుల్లీపై నడుపుదురు. గొలుసువలె జారదు, బెల్టువలె నూనె నడుగదు, చప్పుడు తక్కువ. దీని గుణదోషములు తెలియుటకు మనకు కంటికి దూరమైన యంత్రము నొకదానిని ఉదాహరింతును. మంచు దేశములలో కొండలపై తిరుగుటకు ఇంజనుగల మంచుబండి యున్నది. ముందు రెండు జారుపట్టెలు, వెనుక వెడల్పాటి రబ్బరు పట్టాచక్రము దానికుండును. ఇంజను బలము మొదట ఒక వి-బెల్టు ద్వారా వచ్చి, పిమ్మట నూనెపెట్టెలో తిరుగు గొలుసు ద్వారా ఆ పట్టాచక్రమును త్రిప్పును. అమెరికాలోని పొలారిస్ కంపెనీవారు 2013 సంవత్సరపు నమూనాగా తెచ్చిన కొండ మంచుబండిలో ఆ గొలుసును, నూనెపెట్టెను తీసివైచి పండ్ల బెల్టును పెట్టిరి. పాత బండ్లకు ఇట్లే మార్చుకొనుటకు తగిన సరంజామాను ఇతరులు విడిగా అమ్ముచున్నారు. మోకాలిలోతు మెత్తని మంచులో కొండ నెక్కు బండికి ప్రతి కిలో బరువును శత్రువే; అందును తిరుగు భాగములలో బరువు తగ్గినచో బండి త్వరగా వేగమందుకొనును. కావున అచ్చట ఆ మార్పునకు తగిన కారణము కలదు.

మన గిర్ని కొండ నెక్కదు. అది నేలపై బోల్టులతో బిగించి యుండును. గిర్ని చక్రము బరువుగా నుండుటయే మేలు. ఆ బరువు గింజల ఒడిదుడుకులను మ్రింగి రాతిని ఒక్క తీరుగా నడుపును. మంచుబండికి ప్రాణమైన లాభము ఇచ్చట సున్న. ఇక నష్టమును చూతము. మిరపకాయల బస్తాలో ఒక ఇనుపమేకు వచ్చినదనుకొనుడు. మిషను హఠాత్తుగా బిగుసుకొనును. మోటారు మాత్రము తిరుగవలెననియే లాగును. వి-బెల్టైనచో గాడిలో జారి, కీచుమని అరచి, మనకు స్విచ్చి ఆపుటకు వ్యవధి నిచ్చును. పండ్ల బెల్టు జారలేదు; దాని పండ్లు ఊడవలెను, లేక ఇరుసు వంగవలెను. గొలుసు సంగతియు ఇంతే. కావున జారుటను కేవలము దోషముగా నెంచరాదు. బలహీనమైన చోటు ఒకటి తెలిసి యుంచుకొనుట యంత్రమును కాపాడును. లెక్క తప్పక నడువవలసిన యంత్రమునకు పండ్ల బెల్టు, మెల్లగా బరువు లాగుదానికి గొలుసు, ఏ క్షణమున ఏమి అడ్డుపడునో తెలియని గిర్నికి వి-బెల్టు తగినవని నా యభిప్రాయము.

అయితే ఆపదలో ఒకసారి జారుట వేఱు, నిత్యము జారుచుండుట వేఱు. జారినచోట వేడి పుట్టును. 1950 సెప్టెంబరు 26వ తేదీన ఇంగ్లండులోని క్రెస్వెల్ బొగ్గుగనిలో చినిగిన మోతబెల్టు ఒకచోట ఇఱుకుకొని, రాపిడిచే నిప్పంటుకొని, 80 మంది గనికార్మికులు మరణించిరి. అది సరకును మోయు బెల్టే. కాని రాపిడి వేడికి ఆ భేదము లేదు. గిర్నిలో చుట్టును పిండిధూళియు, గోనెసంచులును ఉండును. కరెంటు ఆపి, చక్రములు పూర్తిగా నిలిచిన పిదప మోటారు పుల్లీ దగ్గఱకు చేయి తెచ్చి చూడుడు. చేయి నిలువలేనంత వేడి యున్నచో బెల్టు జారుచున్నదని తెలిసికొనుడు. జారుడు మాన్పుటకు జిగట పొడులు చల్లుట రోగమును కప్పుటయే గాని కుదుర్చుట కాదు.

ఇప్పుడు మార్పు చేయు విధానము. బెల్టు నొక్కదానినే కొనితెచ్చి పాత పుల్లీకి తగిలించుట వలన లాభము లేదు. గాడి, బెల్టు ఒకే కొలతవి కావలెను. బజారులో ఏ రకము పైవెడల్పు 13 మిల్లీమీటర్లు, బి రకము 17, సి రకము 22. పక్కపక్కన మూడు బెల్టులు నడచుచోట ఒకటి తెగినచో మూడింటిని మార్చవలెను. సాగిన పాతవానితో కలిసిన క్రొత్తది బరువంతయు తానే మోసి ముందుగా తెగును. పుల్లీల నడిమి దూరము పెద్ద పుల్లీ అడ్డుకొలతకు తక్కువ కారాదు; రెండు పుల్లీల అడ్డుకొలతల మొత్తమునకు మూడింతలు మించరాదు. మన ఉదాహరణలో అది 18 అంగుళములకు, 72 అంగుళములకు నడుమ నుండవలెను. రెండు పుల్లీల ముఖములు ఒకే తలములో నున్నవో లేవో నూలుదారము పట్టి చూడవలెను. దారము నాలుగు చోట్ల తాకవలెను. వంకర పుల్లీపై నడచిన బెల్టు ఒక ప్రక్కనే అరిగి నూలుపోగులు విడిచి చచ్చును.

బెల్టును గడ్డపారతో ఎగదోసి ఎక్కింపరాదు. లోపలి నూలుపోగులు తెగును, పైకి కనబడదు. మోటారు బోల్టులు వదలించి, ముందుకు జరిపి, బెల్టు వేసి, తిరిగి వెనుకకు లాగవలెను. బిగువు ఎంత యుండవలెనన్నచో, పుల్లీల నడుమ బెల్టు మధ్యను తగిన బరువుతో నొక్కినప్పుడు మీటరు పొడవునకు సుమారు 16 మిల్లీమీటర్లు దిగవలెను. అంతకంటె ఎక్కువ దిగినచో వదులు. తక్కువైనచో బేరింగులకు చేటు. క్రొత్త బెల్టు మొదటి దినమున గాడిలో సర్దుకొని కొంత సాగును. మరునాడు మఱల బిగించినవాడే పని ముగించినవాడు. ఇవన్నియు ఒక పూట పని. వీనిలో ఏ యొక్కటి విడిచినను, వెల పెట్టి కొన్న బెల్టు గుణము మనకు దక్కదు.

కడపట చెప్పుచున్నను, విలువలో మొదటిదైన మాట యొకటి మిగిలినది. 6 అంగుళముల పుల్లీపై 1440 చుట్లతో తిరుగు బెల్టు సెకనుకు సుమారు పదకొండున్నర మీటర్లు పరుగెత్తును. మన ఆడువారి చీర పొడవు ఐదున్నర మీటర్లు. కొంగు చివర బెల్టునకు, పుల్లీకి నడుమ చిక్కినచో, ఆ చీర యంతయు లోపలికి పోవుటకు అర సెకను చాలును. ఆ వ్యవధిలో కేక వేయుటకు కూడ కాలము చాలదు. స్విచ్చి మాట యెందుకు? జొన్నల మూట నెత్తిన పెట్టుకొని గిర్నికి వచ్చునది ఎక్కువగా ఆడువారే. చంకబిడ్డతో వచ్చువారు కలరు. తమ వంతు కొఱకు పట్టా ప్రక్కనే కూర్చుండువారు కలరు. వి-బెల్టు చిన్నది, స్థలము తక్కువ ఆక్రమించునది యని చెప్పితిని. అందువలన మనుష్యులు దానికి మఱింత దగ్గఱగా నిలుతురు. పాత పట్టాకు భయపడి దూరముగా నిలిచినవారు క్రొత్త బెల్టును లక్ష్యపెట్టకపోవుట నేను చూచుచునే యున్నాను. మేలైన బెల్టుతోపాటు ఈ కీడును గిర్నిలోనికి తెచ్చుచున్నామని యెఱుగవలెను.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షనులో కదలు యంత్రభాగములకు కంచె యుండవలెనని విధించెను. 22వ సెక్షనులో, కదలుచున్న యంత్రమును తుడుచుట, నూనె వేయుట, సవరించుట స్త్రీలకును బాలురకును నిషేధించెను. నూర్పిడి యంత్రములలో చేతులు పోగొట్టుకొన్న రైతుకూలీల బాధ చూచి 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల చట్టమును చేసెను. కాని ఫ్యాక్టరీల చట్టము పనివారి సంఖ్యనుబట్టి వర్తించెడిది. యజమానియు, తోడు మనిషియు మాత్రమే యుండు పల్లె గిర్నికి వచ్చి కంచె యేదని యడుగు అధికారి లేడు. అడుగవలసినవారు గిర్నికి పోవు మనమే.

ఆ కంచె గొప్ప వస్తువేమియు కాదు. వెల్డింగు పని తెలిసిన ఏ మనిషియైనను ఇనుపకమ్ములతోను జాలీతోను ఒక దినములో చేయగలడు. వ్రేలు దూరని కన్నులు గల జాలీ కావలెను. గాలి ఆడి బెల్టు చల్లబడుటకును అది మేలు. ముందువైపు మాత్రమే కాక పైని, ప్రక్కల, వెనుకను కూడ మూయవలెను. కొక్కెముతో తగిలించినచో రెండవనాడే తీసి గోడకు ఆనింతురు. కావున బోల్టులతో బిగింపవలెను. స్విచ్చి బెల్టు నవతల కాక, పిండి పట్టువాని చేతికి అందుచోట నుండవలెను.

కావున గిర్ని బాగుచేయదలచినవారు డబ్బును ఈ వరుసలో ఖర్చుపెట్టుట మంచిది: మొదట జాలీకి, పిమ్మట సరియైన గాడిగల పుల్లీలకు, ఆ పిమ్మట బెల్టునకు. చేతిలో సొమ్ము చాలనిచో బెల్టును వచ్చే పంటకు వాయిదా వేయవచ్చును; పాత పట్టాతో పిండి ఆలస్యముగానైనను పడును. జాలీని మాత్రము వాయిదా వేయరాదు.